తాటాకుని పెంకు అని రాయను

నేను ఇన్సూరెన్సు ఏజెంటునని నాకు నిజంగా తెలిసేసరికి, నా పేరు మీద లైసెన్సు వచ్చి ఏడాదిన్నర దాటింది.

అరవైల చివరి సంవత్సరాలవి. జీవిత బీమా అప్పటికే ప్రభుత్వం చేతిలో ఉంది. కానీ మిల్లులకీ, లారీలకీ, అగ్ని ప్రమాదాలకీ బీమా చేసే కంపెనీలు ఇంకా ప్రైవేటువే. మా అక్క మొగుడు నెల్లిమర్లలో గోగునార వ్యాపారం చేసేవాడు. పల్లెల్లో నార కొని మిల్లుకి తోలేవాడు. తన గొడౌనుకి బీమా చేయించినప్పుడు ఏజెంటు కమిషను పరాయివాడికి పోవడం ఆయనకి నచ్చలేదు. సొంత పేరు మీద లైసెన్సు తీసుకుంటే బాగుండదు. అక్కకి సంతకం రాదు. నేను స్కూలు ఫైనలు దాకా చదివాను. అలా నేను ఏజెంటునయ్యాను. ఆ రోజుల్లో ఇలాంటి ఏజెంట్లు చాలామందే ఉండేవారు. పేరు ఆడవాళ్ళది, పని మగవాళ్ళది.

మాది విజయనగరం. తరాలుగా గుడిలో సన్నాయి వాయించిన ఇల్లు. మా ఆయన వీధి వసారాలో పిల్లలకి సంగీతం చెప్పేవారు. వాళ్ళు సరళీ స్వరాలు పాడుతుండగానే బావ తన గొడౌనువీ, తనకి నార అమ్మే రైతులవీ ఫారాల కట్టతో సైకిలు దిగేవాడు.

"ఒసే మరదలా, ఇక్కడో సంతకం, ఇక్కడొకటి," అని వేలు పెట్టి చూపించేవాడు. నేను పోపు దించి, చెయ్యి చెంగుకి తుడుచుకుని సంతకాలు పెట్టేదాన్ని. దసరాకి ఒక చీర పెట్టేవాడు. "చదవకుండా సంతకం పెట్టడమేమిటి?" అని మా ఆయన ఒకటి రెండుసార్లు అన్నారు. అక్క కాపురం, చుట్టరికం, ఎందుకులే అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడానికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఉగాది వెళ్ళిన వారం రోజులకి ఒక ముసలి రైతు మా గుమ్మం ముందు నిలబడ్డాడు. గరివిడి అవతల పల్లె నుంచి నడిచి వచ్చాడు. కాళ్ళ నిండా దుమ్ము.

"ఏజెంటమ్మ ఇల్లు ఇదేనా తల్లీ?"

అలాంటి వాళ్ళెవరూ లేరని చెప్పబోయాను. అతను పంచె మడతలోంచి రెండు కాగితాలు తీశాడు.

"ఇందులో నీ పేరున్నాదంట. మా ఊరి మేస్టారు సదివి సెప్పినారు. నార పాక కాలిపోనాది తల్లీ. డబ్బులు రావని కంపినీవోలు ఉత్తరం ఏసినారు. నానిప్పుడు ఏటి సెయ్యాల?"

అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. తన నారతో పాటు ఇద్దరు చుట్టాల నార కూడా తన పాకలోనే దాచాడట. వేసవిలో ధర పెరుగుతుందని ఆగారు. పక్కింటి పొయ్యి నుంచి రవ్వ లేచింది. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, ముగ్గురి ఏడాది కష్టం బూడిదైంది.

కంపెనీ ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. మా ఆయన దగ్గర ఒక పాత నిఘంటువు ఉండేది. అది పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నాను. పాలసీలో పెంకు కప్పు అని ఉంది, కాలింది తాటాకు పాక, కాబట్టి ఏమీ రాదు. ఉత్తరం సారాంశం అంతే.

"నీ పాక మీద పెంకులుండీవా తాతా?"

"పెంకులెక్కడివి తల్లీ? మా ఊల్లో కరణంగారింటికి తప్ప అందరికీ తాటాకే."

"మరి పెంకులని ఎవరు చెప్పేరు?"

"నానేటీ సెప్పనేదు. నెల్లిమర్ల నార సావుకారి గుమస్తా వచ్చి ఏలిముద్ర ఎయ్యమన్నాడు. ఏసినాను."

ఫారం నకలు కూడా ఆ కాగితాల్లోనే ఉంది. అడుగున ఒక వాక్యం. ఈ స్థలాన్ని నేను స్వయంగా చూశాను, పైన రాసినదంతా నిజం అని. దాని కింద నా సంతకం, గుండ్రంగా, ముచ్చటగా ఉంది. నేను అప్పటికి గరివిడి మొహమే చూడలేదు.

మర్నాడు పొద్దున్నే నెల్లిమర్ల వెళ్ళాను. బావ గొడౌను ముందు నార కట్టలు తూకం వేయిస్తున్నాడు.

"తాటాకంటే ఈ కంపెనీ తీసుకోదే," అన్నాడు తాపీగా. "అందుకే పెంకని రాస్తాం. అందరూ రాస్తారు."

"కాలితే?"

"అన్నీ కాల్తాయేటి?"

"తాటాకుని తీసుకునే కంపెనీయే లేదా?"

"ఎందుకు లేదు, ఉన్నాది. ప్రీమియం కొంచెం ఎక్కువ. అయినా మనం ఈ కంపెనీ మనుషులం. ఒకల దగ్గరుండి ఇంకోల గుమ్మం తొక్కితే మన మాటకి విలువేటి?"

"ఇంకో కంపెనీ ఉందని ఆ తాతకి చెప్పేవా?"

బావకి చిరాకేసింది. "సంతకం పెట్టు, సీర కట్టుకో. ఈ యాపారం గోలంతా నీకెందుకే?"

అంతవరకూ నాలో ఏ మూలో కొంచెం భయం ఉండేది. ఆ మాటతో అది పోయింది.

"ఇకమీదట నా సంతకం నేను చదివిన కాగితం మీదే ఉంటాది బావా. చూసిన పాక మీదే ఉంటాది. నీకు ఇంకెవరైనా దొరికితే చూసుకో," అన్నాను. అక్క పక్కనే ఉన్న ఇంటి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. గ్లాసుతో మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఆ ముసలాయన్ని తీసుకుని విశాఖపట్నం కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. అబద్ధం అతనిది కాదు, నాదని చెప్పాను. మేనేజరు మర్యాదగానే విన్నాడు. "ఎవరు రాసినా కాగితం కాగితమేనమ్మా," అన్నాడు. ముసలాయనకి ఏమీ రాలేదు. తిరుగు పాసింజరులో అతనే నన్ను ఓదార్చాడు. "పోన్లే తల్లీ. నువ్వొచ్చి నిజం సెప్పినావు. అంతే సాలు." చాలదని నాకు తెలుసు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

తరవాత లైసెన్సు తీసి మొదటిసారి పూర్తిగా చదివాను. ఒకే కంపెనీకి పనిచెయ్యాలని అందులో ఎక్కడా లేదు. తాటాకు పాకల్ని తీసుకునే కంపెనీ ఏదో కనుక్కుని వాళ్ళ ఫారాలు తెచ్చుకున్నాను. లారీలకి నయమని ఇంకో కంపెనీవి కూడా తెచ్చాను. మూడు కంపెనీల ఫారాలూ ఒకే గుడ్డసంచిలో పెట్టుకుని బస్సుల మీద తిరిగాను. చీపురుపల్లి, గరివిడి, రాజాం. ఆడది ఇన్సూరెన్సుకి తిరుగుతోందని నవ్వినవాళ్ళున్నారు. "ఏ కంపినీ మనిషివమ్మా?" అని అడిగేవారు. "మీ పాకకి ఏది కుదిరితే ఆ కంపెనీ," అనేదాన్ని. ఆ జవాబు కొందరికి నచ్చేది కాదు. ఎవరి మనిషీ కానిదాన్ని నమ్మడమెలా అని వాళ్ళ అనుమానం.

నేనేమీ దేవతని కాదు. లారీల కంపెనీ కమిషను ఎక్కువిచ్చేది. ఒకసారి ఒక లారీ యజమానికి ఆ ఒక్క ఫారమే చూపించి, అతని లారీకి చవకగా పడే ఇంకో కంపెనీ ఫారాన్ని సంచిలోనే ఉంచేశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళి రెండూ అతని ముందు పెట్టాను. అతను చవకదే తీసుకున్నాడు. నిన్న ఎందుకు చూపించలేదని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆ ఏడాది వానలు తగ్గే వేళకి మొదటి కంపెనీ నుంచి కబురొచ్చింది. అదే ఆఫీసు, అదే మేనేజరు. బల్ల మీద ఒక కాగితం టైపు చేయించి సిద్ధంగా ఉంచాడు. వాళ్ళ కంపెనీకి తప్ప ఇంకెవరికీ పనిచెయ్యనని నేను రాసిస్తున్నట్టు.

"ఒక ఇంట్లో తిని ఇంకో ఇంట్లో చెయ్యి కడుక్కోవడం న్యాయమేనా అమ్మా?" అన్నాడు.

"మీ ఇంట్లో నేనెప్పుడూ తినలేదండీ. పనిచేశాను, కమిషనిచ్చారు."

"మా మనిషైతే క్లెయిము వచ్చినప్పుడు మీ మాట మీద పరుగు పెడతాను. ముగ్గురికి చేసే ఏజెంటు కోసం నేనెందుకు పరుగెత్తాలి? ఆఖరికి నష్టపోయేది మీ రైతులే."

ఆ మాటలో నిజం లేకపోలేదు. ఆ కాగితం ముందుకి లాక్కుని చివరిదాకా చదివాను.

"సార్, మీ దగ్గర ఒకటే ఫారం ఉంది. నేను మీ ఒక్కరి మనిషినైతే, ప్రతి పాకనీ ఆ ఫారంలో పట్టేలా రాయాలి. తాటాకుని పెంకనాలి. ఒకసారి అన్నాను. ఒక ముసలాయన ఏడాది కష్టం పోయింది. ఇంకోసారి అనను."

"అంటే సంతకం పెట్టరా?"

"చదివాను కదండీ. అందుకే పెట్టను."

పక్క గదిలో టైపు కొడుతున్నతను చెయ్యి ఆపి నా వైపు చూడడం గమనించాను. లేచి వచ్చేశాను.

పది రోజుల్లో నన్ను తీసేసినట్టు ఉత్తరం వచ్చింది. నెల్లిమర్ల గొడౌను ఏజెన్సీ బావ గుమస్తా భార్య పేరు మీదికి మారింది. బావ రెండేళ్ళు మా గుమ్మం తొక్కలేదు. అక్క మాత్రం వచ్చేది. ఒకసారి ఎవరూ లేకుండా చూసి, "నాకు సంతకం నేర్పుతావేటే?" అని అడిగింది. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది.

మేనేజరు చెప్పినట్టే కొన్ని నష్టాలూ జరిగాయి. శ్రీకాకుళంలో ఒక లారీ బోల్తా పడితే, నేను ఎవరికీ సొంత మనిషిని కాకపోవడంతో క్లెయిము ఆరు నెలలు నానింది. ఆ యజమాని నన్ను నానా మాటలూ అని వేరే ఏజెంటు దగ్గరికి పోయాడు. అతన్ని తప్పు పట్టను. గరివిడి ముసలాయన మాత్రం సంక్రాంతి వెళ్ళాక కొత్త నారతో, కొత్త పాకతో మళ్ళీ కబురు పెట్టాడు. ఈసారి నేనే వెళ్ళి పాక చుట్టూ తిరిగి, కప్పు చేత్తో తడిమి చూసి, ఉన్నది ఉన్నట్టు రాశాను. ప్రీమియం ఎక్కువైందని బేరమాడాడు కూడా.

తరవాతి వేసవిలో సముద్రపొడ్డున ఉన్న భావనపాడు జాలర్ల నుంచి పిలుపొచ్చింది. తుఫానుకి పడవలు పోతున్నాయి, బీమా ఏదైనా ఉందా అని. నౌపడ స్టేషన్లో దిగి ఇసకలో నడిచి వెళ్ళాను. పడవలు చూశాను, వలలు చూశాను. తిరిగొచ్చి నా దగ్గరున్న కంపెనీలనీ, నాకు తెలిసిన మిగతా కంపెనీలనీ అడిగాను. తెరచాప పడవలకి బీమా చెయ్యడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆ మాట ఉత్తరంలో రాస్తే ఎవరు చదివి పెడతారోనని మళ్ళీ వెళ్ళాను.

"మీ పడవలకి సరిపోయేది ఎవరి దగ్గరా లేదు," అన్నాను. "ఉందని ఎవరైనా వస్తే ఏలిముద్ర వెయ్యకండి. ముందు ఆ కాగితం నాకు చూపించండి."

చేపలు ఎండబెడుతున్న ఒకామె నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఇదేటమ్మా! ఈపాటి మాటకి ఇంత దూరం వచ్చినావా?"

"వచ్చేను," అన్నాను.