బావ బదులు నా గుండె

మా అక్క మొగుడు దర్జీ. ఊళ్లో సగం మంది ఛాతీలు టేపుతో కొలిచాడు గాని, తన ఛాతీ మీద మాత్రం డాక్టరు చెయ్యి పడనివ్వలేదు. నలభయ్యో ఏట ఒకే ఒక్కసారి గుండెలో నొప్పని చెప్పుకోడానికి వెళ్తే, డాక్టరు చీటీ మీద ఆ మాటే రాశాడు. ఆ చీటీ చూసి మూడు బీమా కంపెనీలు ‘పాత జబ్బు’ అంటూ దణ్ణం పెట్టి పంపేశాయి. నాలుగో కంపెనీకి బావ చీటీ చూపించలేదు. వాళ్లు పరీక్ష చేయించుకు రమ్మంటే నన్ను పంపాడు.

అప్పట్లో ఫొటోలూ అవీ అడిగేవాళ్లు కాదు. బావ పుట్టినరోజు బట్టీపట్టి, ఆయన పేరు చెప్పి గుండె పరీక్ష బల్ల మీద పడుకుని వచ్చాను. పాలసీ వచ్చింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఒకటే శాసనం: జబ్బు కాగితమెక్కకూడదు. నొప్పొస్తే మందుల షాపులో మాత్ర, అదీ పక్కింటాయన పేరు చెప్పి.

పదకొండేళ్లకి చట్టం మారింది. అందరికీ ఒకే కనీస బీమా. పాత జబ్బుందని ఏ కంపెనీ కాదనడానికి వీల్లేదు. ధర, సేవ చూసుకుని ఏటా కంపెనీ మార్చుకోవచ్చు. గుమ్మం తొక్కనివ్వని కంపెనీల వాళ్లే బావ కుట్టుమిషను ముందు వరస కట్టారు.

“ఈ వయసులో పెళ్లికొడుకునైపోయానురా,” అన్నాడు బావ. అందరితో బేరమాడి, ఏటా ఉచితంగా గుండె పరీక్ష చేయించే కంపెనీని ఖాయం చేశాడు.

అప్పటికే నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బొత్తాం కుడుతూ కుడుతూ ఆగి ఛాతీ రుద్దుకునేవాడు. అక్క పోరగా పోరగా పరీక్షకి రోజు తీసుకున్నాడు. ముందురోజు నన్ను పిలిచాడు.

“రేపు ఖాళీయేగా?”

“తోడు రావాలా బావా?”

“తోడెందుకు? నువ్వే వెళ్లు. నీకు అలవాటేగా.”

“ఇప్పుడెవరూ కాదనరు కదా!”

“ఇవాళ కాదనరు. రేపు చట్టం మళ్లీ మారితే? కాగితం ఎక్కడికీ పోదురా.”

చెప్పుకుంటే సిగ్గుచేటు, నాకది సబబుగానే తోచింది. బావ బీమా కార్డు పట్టుకుని వెళ్లాను; మొహం ఎవరూ పోల్చి చూడలేదు.

ఛాతీకి చల్లగా ఏదో పూసి, తీగలు అంటించారు. డాక్టరమ్మ గీతలు చూసి మెచ్చుకుంది.

“ఎద్దులాంటి గుండె! ఢోకా లేదని మీ ఫైల్లో రాసేస్తున్నాను. ఇకమీదట ఏ డాక్టరైనా ఇదే చూస్తారు.”

అప్పుడు తట్టింది నాకు. పాత కాగితం కంపెనీని నమ్మించడానికి. ఇది వైద్యం చేసేవాళ్ల కోసం. బావ నొప్పని వచ్చినా, నా గుండె చూసి ఇంటికి పంపేస్తారు. తీగలతో సహా లేచి కూర్చున్నాను.

“రాయకండమ్మా! ఆ గుండె నాది. ఆయనది ఇంట్లో ఉంది.”

“మీకు బుద్ధుందా?”

“ఉందండీ. కాస్త ఆలస్యంగా వస్తుంది.”

ఆవిడ నవ్వలేదు. “ఆయన్ని ఇవాళే తీసుకురండి,” అంది.

మధ్యాహ్నం అక్కా నేనూ బావని లాక్కొచ్చాం. ఇదివరకెప్పుడైనా నొప్పొచ్చిందా అని డాక్టరమ్మ అడగడమే తరువాయి, “లేదండీ” అన్నాడు టక్కున.

“ఉంది. పదకొండేళ్లుగా ఉంది. రాసుకోండమ్మా,” అంది అక్క. ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఖరీదైన గుడ్డని ఎవరో అడ్డంగా కత్తిరిస్తుంటే చూస్తున్నట్టు, బావ ఆ పెన్ను వైపే చూస్తూ కూర్చున్నాడు.

రెండు రోజుల్లో ఆపరేషన్ అయింది. పాత జబ్బా కొత్త జబ్బా అని ఎవరూ అడగలేదు, ఖర్చంతా బీమాయే భరించింది. కాని గుండెలో కొంత భాగం అప్పటికే చచ్చిపోయిందనీ, ఇక మిషను తొక్కకూడదనీ చెప్పింది డాక్టరమ్మ. “నాలుగేళ్ల ముందు వచ్చుంటే...” అని, మాకేసి చూసి ఆపేసింది.

ఇప్పుడు అక్క మిషను తొక్కుతోంది. బావ పక్కన కుర్చీలో కూర్చుని బొత్తాలు కుడతాడు. మళ్లీ ఏడాది తిరిగేసరికి ఇంకో కంపెనీ కుర్రాడొచ్చాడు.

“మా దగ్గరికి మారండి సార్. జబ్బులేమున్నాయో అసలడగం.”

బావ సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టాడు.

“అడుగు నాయనా. చెప్తాను.”

అక్క కాలు మిషను మీద ఆగింది.