దినాలు అయిపోయినాక వచ్చిన మనిషి

బుధవారం పొద్దున నేను ఆదోనిలో, వార్డు సచివాలయంలో పనిలో ఉన్నప్పుడు ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది టీచరమ్మ కూతురు. "అమ్మ పోయింది అక్కా" అని ఒక్క మాట చెప్పి ఫోన్ పక్కవాళ్ల చేతికిచ్చింది. మధ్యాహ్నం మూడింటికి సమాధి చేస్తామని వాళ్లు చెప్పినారు.

ఊర్లో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పినాను. అమ్మ ఏడవలేదు. "నేను ఆదోని బస్టాండుకొస్తా, నువ్వు ఆడే ఉండు" అని ఫోన్ పెట్టేసింది.

టీచరమ్మ మాకు చుట్టం కాదు. మా తమ్ముడు ఎమ్మిగనూరు హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు వానికి లెక్కలు చెప్పినామె. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. మాదేమో ఆలూరు దిక్కు పల్లె, ఇంట్లో ఉండేది మా ఇలవేల్పు పటాలు. అయినా ఆమె లేకుంటే మా అమ్మ ఈపొద్దు బతికి ఉండేది కాదని నా నమ్మకం.

నాలుగేండ్ల కింద, తొలకరి వానలప్పుడు, చేన్లో శనక్కాయలు విత్తుతాండిన తమ్ముని మీద పిడుగు పడింది. వానికి ఇరవై మూడేండ్లు. నాన్న మా చిన్నప్పుడే పోయినాడు కాబట్టి ఆ చేనూ ఆ ఇల్లూ వాని మీదే నిలబడి ఉండినాయి.

టీచరమ్మ మరుసటి దినమే వచ్చినారు. అమ్మ పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, ఇది దేవుని చిత్తమని, ఓర్చుకోవాలని చెప్పినారు. అంతవరకూ నోరు తెరవని అమ్మ తల పైకెత్తి ఆమె మొహం చూసింది.

"పిడుగు పైనుంచే కదా పడింది. మీ దేవుడు ఉండేదీ పైనే కదా. నా బిడ్డ ఆయనకేం చేసినాడు? పో, మా ఇంట్లో ఉండొద్దు."

అరిచి చెప్పలేదు. నిదానంగానే అనింది. టీచరమ్మ లేచి ఎండలో నడుచుకుంటూ పోయినారు. ఇంక ఈమె మా గడప తొక్కరని అనుకున్నాను.

దినాలు అయిపోయినాయి. చుట్టాలంతా ఎవరి ఊరికి వాళ్లు పోయినారు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. అమ్మ పొయ్యి ముట్టించడం మానుకునింది. నేను కలిపి పెడితే రెండు ముద్దలు తిని చేయి కడుక్కునేది. చేను దిక్కు చూసేది కాదు, కౌలుకిస్తామంటే ఒప్పుకునేది కాదు. ఎవరూ ఆ మన్ను తొక్కకూడదని పట్టు పట్టింది.

అట్లాంటప్పుడు ఒక శనివారం టీచరమ్మ మళ్లీ వచ్చినారు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఒక బస్సు, ఆడ్నుంచి ఆలూరు బస్సు, దిగినాక షేరాటో. ఆ నొప్పుల మోకాళ్లతో ఎట్లా వచ్చినారో. లోపలికి రాకుండా గడప బయటే నిలబడి చెప్పినారు.

"ఆపొద్దు నేను తప్పు మాట్లాడినానమ్మా. మా ఆయన పోయినప్పుడు అందరూ నాతో ఆ మాటే అన్నారు. నాకు ముల్లు మాదిరి గుచ్చుకునింది. మళ్లీ అదే ముల్లు తెచ్చి నీకు గుచ్చినాను. వాడు ఎందుకు పోయినాడో నాకు తెలీదు."

అమ్మ రా అనలేదు, పో అనలేదు. టీచరమ్మ అరుగు మీద కూర్చుని, విత్తనానికని తెచ్చి అట్లే వదిలేసిన శనక్కాయల గంప ముందుకు లాక్కుని ఒలవడం మొదలుపెట్టినారు. అలవాటు లేని చేతులు, సాయంత్రానికి వేలికొనలు ఎర్రగా కందిపోయినాయి. తాగిన చెంబు తానే కడిగి బోర్లించి, మళ్లీ శనివారం వస్తానని చెప్పి పోయినారు.

చెప్పినట్లే వచ్చినారు. వారం వారం వచ్చినారు. ఇంత దూరం ఎందుకమ్మా అని నేనంటే, నేను మొండిదాన్ని అని నవ్వేవాళ్లు. ఏడ్చేవాళ్ల ఇంటికి పోయేటప్పుడు నోరు ఇంట్లో పెట్టి, చేతులు మాత్రం తీసుకుని పోవాలని ఒకసారి అన్నారు. ఆమె సంచిలో కండ్లు తుడుచుకునే చేతిరుమాలు కాదు, పనికి నడుముకు చుట్టుకునే తుండుగుడ్డ ఉండేది.

ఆరో వారమో ఏడో వారమో, కాయలు ఒలుస్తా ఒలుస్తానే అమ్మ అడిగింది, మీ దేవుడు ఎప్పుడైనా ఏడ్చినాడా అని.

టీచరమ్మ చేతులు ఆగినాయి. "ఏడ్చినాడమ్మా. స్నేహితుడు చచ్చిపోతే, ఆ సమాధి కాడ నిలబడి ఏడ్చినాడు. ఇంకాసేపటికి వాన్ని తానే బతికించి లేపబోతానని ఆయనకు తెలుసు. అయినా వాని అక్కచెల్లెండ్ల ఏడుపు చూసి ఓర్చుకోలేకపోయినాడు. నేను నమ్ముకునింది ఆయన్నే."

అప్పుడు టీచరమ్మ, నీ కొడుకు పడిన చోటు నాకు చూపిస్తావా, వానికి నేను సెలవు చెప్పలేదు అని అడిగినారు. మేమెవరం అడిగినా కదలని అమ్మ లేచి కొంగు సరిచేసుకునింది. ముగ్గురం చేన్లోకి పోయినాం. ఆ చోట ఇద్దరూ మన్నులో కూలబడి గొంతెత్తి ఏడ్చినారు. కాసేపైనాక టీచరమ్మ కండ్లు మూసుకుని, "ప్రభువా, మాకేమీ తెలీదు. ఈ తల్లిని ఒంటరిగా వదలొద్దు" అన్నారు. అంతే ప్రార్థన.

అమ్మ కండ్లు తుడుచుకుని చుట్టూ చూసింది. గడ్డి ఎట్లా పెరిగిందో చూడు అనింది. వంగి పీకడం మొదలుపెట్టింది. శనక్కాయకు అదను దాటిపోయింది కాబట్టి ఆ ఏడు ఉలవలు చల్లినాం. ఆ ఉలవలు కోసి ఇంటికి తెచ్చినాక కూడా టీచరమ్మ రావడం ఆపలేదు. ఏడాది తిరిగేదాకా వచ్చినారు. మతం మారమని ఒక్కరోజూ అడగలేదు. అమ్మ మారలేదు కూడా.

బుధవారం మేము పోయేసరికి చర్చి ముందర జనం నిండినారు. టీచరమ్మకు ఒక్కతే కూతురు. ఏడవకూడదని, మంచిచోటికే పోయిందని ఆ పిల్లకు తలా ఒక మాట చెప్తాండారు. అమ్మ జనాన్ని తోసుకుంటా పోయి ఆమె పక్కన కూర్చునింది. భుజం చుట్టూ చేయి వేసింది. పాట పాడుతున్నంతసేపూ తీయలేదు.

మన్ను వేసినాక అందరూ కదిలినారు. చీకటి పడకముందే ఊరు చేరాలి కదా అని నేను బస్సు సంగతి ఎత్తినాను. "నువ్వు పో. నేను ఈ పిల్లకాడ ఉంటా. ఎన్ని దినాలైనా ఉంటా" అని అమ్మ తెగేసి చెప్పింది.

శవపెట్టె వెంబడి ఇంట్లోంచి వచ్చేటప్పుడు ఆ పిల్ల చెప్పులేసుకోవడం మర్చిపోయింది. సమాధుల తోటలో కంకర నిప్పు మాదిరి కాలుతాంది. అమ్మ తన రబ్బరు చెప్పులు విడిచి, వంగి, ఆమె పాదాలకు ఒకటొకటిగా తొడిగింది. తర్వాత ఆమె చేయి పట్టుకుని, కాలే కంకర మీద ఉత్తకాళ్లతో, తొందర లేకుండా గేటు దిక్కు నడిచింది.