వాడుకలో ఉన్న మండీ

మా ముత్తాత బళ్ళారి బజారులో పత్తి మండీ పెట్టినవాడు. ఆయన ధర చెప్పాకే మిగిలిన అంగళ్లలో బేరం మొదలయ్యేదట. మా తాత వర్తకులకు పెద్ద. తగాదా వస్తే అందరూ ఆయన అరుగు మీదికే వచ్చేవారు. మా నాన్న చేతికి వచ్చేసరికి మండీలో సరుకు కన్నా ఖాళీ ఎక్కువ. నాకు మాత్రం వాళ్ల నిటారు నడుము వచ్చింది. తోటి పరిశోధక విద్యార్థులు నన్ను "సావుకారు" అంటారు. ఎగతాళి అని తెలిసీ పలుకుతాను.

నా పరిశోధన ఆబ్జెక్టులుగా రాసే సాఫ్ట్‌వేర్ మీద. ప్రోగ్రాంను చిన్న చిన్న భాగాలుగా రాసి, ఒకటి మార్చినా పక్కది చెదరకుండా చూడడం. దళారీ లెక్క మారితే తూకం లెక్కను ముట్టుకోనక్కర లేదు. దాన్ని మా మండీలోనే రెండు సీజన్లు నడిపాను. ఆ తర్వాత మండీ మూతపడింది. వర్క్‌షాప్‌కు ఇచ్చిన వ్యాసంలో ఆ సంగతి రాయలేదు. "మూడు తరాల మండీలో రెండు సీజన్లుగా వాడుకలో ఉంది" అని రాశాను.

నిజమైన వాడుకలో నిలబడిందని వర్క్‌షాప్‌లో తేలితేనే థీసిస్ ముందుకు పోతుందని మా గైడు ముందే చెప్పారు.

అక్కడ ఎవరి పని వాళ్లు చెప్పుకోరు. ఒకరి పనిని మరొకరు చదివి, నడవడం చూసి వివరించాలి. రాసినవాడు అడిగేదాకా నోరు మెదపకూడదు. నాది సిరుగుప్ప దగ్గరి క్యాంపు అమ్మాయికి పడింది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద క్యాంపు ఊళ్లలో స్థిరపడిన రైతు కుటుంబం. ఇప్పుడు వాళ్లకు బియ్యం మిల్లు ఉంది.

"మీ మండీకి ఎప్పుడు రమ్మంటారండీ?" అని అడిగింది.

"అమావాస్య పోనీ," అన్నాను. మళ్లీ అడిగితే నాన్న ఊళ్లో లేడన్నాను.

వర్క్‌షాప్ రోజు ఆమె నా పనిని నాకన్నా బాగా చెప్పింది. చివర, "వాడుకలో నడవడం మాత్రం నేను చూడలేదండి," అని ఊరుకుంది.

గైడు నా వైపు తిరిగారు. "ఏమప్పా, యాడుండాది నీ మండీ? బజారే కదా, అందరం పోయి చూసొస్తాం పద."

"సావుకారు కాఫీ కూడా ఇప్పిస్తాడు సార్," అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

లేచి నిలబడ్డాను. "ఈ పొద్దు మండీకి సెలవు సార్."

"అట్లైతే ఆ రెండు సీజన్ల రికార్డులు తెచ్చి చూపించు. అవి చూసినాకనే నా సంతకం."

టీ దగ్గర ఆ అమ్మాయి నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "పోయిన వారం నేనే బజారుకెళ్లానండి. మీ మండీ ఉన్నచోట టైల్స్ షాపు ఉంది."

"మరి అందరి ముందు చెప్పలేదేం?"

"మీరు చెప్తారనుకున్నా. నాతో ముందే అనుంటే మీ ప్రోగ్రాంను మా మిల్లులో పెట్టించేదాన్ని కదండీ. మేం పత్తి వేసిన రోజుల్లో మా తాత మీ అరుగు మీద మజ్జిగ తాగేవాడంట."

అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే తల ఎత్తలేకపోయాను.

"ఆ షాపులో మీ పాత కంప్యూటర్ మీదే బిల్లులు కొడుతున్నారండి," అంది. "అందులో ఉన్నదంతా తుడిచేశారంట."

ప్రోగ్రాం నా దగ్గరే ఉంది. రికార్డులు అందులోనే ఉండేవి. కొన్నవాణ్ణి ఆగమని అడిగి కాపీ చేసుకోవడం అప్పట్లో నాకు నామోషీ అనిపించింది. మండీతో పాటు కాటా, గల్లాపెట్టె, ఆ కంప్యూటర్ అన్నీ కలిపి అమ్మేశాం.