స్లెడ్జి ముందు మనిషి

మా ఊళ్లో ఎటు చూసినా బల్లపరుపే. మిరప చేలు, పత్తి చేలు, మధ్యలో కాలవ గట్టు. మేము ఎక్కి దిగింది ఆ గట్టు ఒక్కటే. మార్టూరు వైపు నాలుగు గుట్టలున్నా వాటిని గ్రానైటు వాళ్లు పలకలు పలకలుగా కోసుకుపోతున్నారు. అలాంటి ఊరివాడు మంచుకొండల మీద స్కీలు కట్టుకుని జారాడంటే టీకొట్టు దగ్గర ఇప్పటికీ వేళాకోళమే. "ఏదీ, ఈ సిమెంటు రోడ్డు మీద ఒకసారి జారి చూపించు" అంటారు. మంచు అచ్చం పగిలిన పత్తి చేనులా ఉంటుందటగా అని అడుగుతారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పత్తి చేలో పడినవాడు లేచి ఒళ్లు దులుపుకుని ఇంటికి పోతాడు.

సైన్యంలో చేరిన కొన్నాళ్లకి నన్ను స్కీ శిక్షణకి పంపారు. ఆ బ్యాచిలో తెలుగువాళ్లం ఇద్దరమే. రెండోవాడిది చీరాల, మగ్గం నేసే ఇల్లు. మా ఊరి నుంచి చీరాల బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అయినా వాడి మొహం చూడటానికి నేను దేశం ఆ చివరిదాకా పోవాల్సి వచ్చింది.

మాకు నేర్పేవాణ్ణి అందరూ ఉస్తాద్ అని పిలిచేవాళ్లు. ఆయన ముందు జారడం నేర్పలేదు, పడటం నేర్పాడు. పడితే కొండవైపు పక్కకి పడాలి, స్కీలు వాలుకి అడ్డంగా పెట్టుకుని లేవాలి. రోజంతా పడి లేచాం. తర్వాత స్కీల ముందు కొనలు దగ్గరకి తెచ్చి, మడమలు దూరంగా తోసి, మంచును ఒరుసుకుంటూ ఆగడం నేర్పాడు. దాని పేరు నాగలి అనగానే, ఇంకేం, ఇది మన పనేలే అనుకున్నాను. మా నాగలి ముందుకు పోవడానికి, వాళ్ల నాగలి ఆగడానికి అని మూతి పగిలాక తెలిసింది.

మగ్గం ఇంటివాడు మాత్రం చూస్తుండగానే అందుకున్నాడు. స్కీల మీద మలుపు తిరగడమంటే బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చడమే. వాడికది చిన్నప్పటి అలవాటు. గుంట మగ్గంలో కూర్చుంటే కింద తొక్కుడు చెక్కలుంటాయి. ఒకటి తొక్కి రెండోది వదలాలి. నేను రేగడి నేలలో నడిచినవాణ్ణి, రెండు కాళ్లూ ఒకేసారి దించేసేవాణ్ణి.

"ఏందిరా, రెండు చెక్కలూ ఒకేసారి తొక్కితే చీర రాదు, చిక్కు పడుద్ది" అని తిట్టి, బ్యారక్‌లో మంచం అంచున కూర్చోబెట్టి నా మోకాళ్లు చేత్తో నొక్కేవాడు. కుడి, ఎడమ. కుడి, ఎడమ. నాకు మలుపు వచ్చిందంటే వాడి వల్లే, ఉస్తాద్ వల్ల కాదు. వాడు జారుతుంటే నేను ఫోన్‌లో వీడియో తీసి పెట్టాను. అది వాళ్ల ఇంటికి పంపిస్తే వాళ్ల నాన్న చూసి, "ఎదవ, అక్కడ కూడా మగ్గమే తొక్కుతున్నాడు" అన్నాడట. ఆ మాట వాడు వారం పాటు అందరికీ హిందీలో చెప్పుకున్నాడు.

నాగలి అయ్యాక మలుపులు, మలుపులయ్యాక రెండు స్కీలూ జంటగా కలిపి జారడం, ఆ తర్వాత వీపున మూట, తుపాకీ వేసుకుని కొత్తగా పడ్డ లోతు మంచులో దిగడం. ప్రతి మెట్టూ వాడు నాకంటే ముందే ఎక్కాడు. నాకు కుళ్లుగా ఉండేది.

అన్నిటికంటే పై మెట్టు స్లెడ్జి, మంచు మీద జారే చక్రాల్లేని బండి. దెబ్బ తగిలినవాణ్ణి దానిమీద పడుకోబెట్టి కట్టి, ముందొకడు పిడులు పట్టుకుని, వెనకొకడు తాడు పట్టుకుని కిందికి దించాలి. అక్కడికి చేరేసరికి మళ్లీ మొదటిరోజు నాగలే కావాలి, ఎందుకంటే బ్రేకు ముందు మనిషి కాళ్లలోనే ఉంటుంది. ఉస్తాద్ స్లెడ్జి మీద మూత లేని నీళ్ల క్యాను పెట్టేవాడు. నీళ్లు తొణక్కుండా కిందికి తేవాలి. ఇందులో మాత్రం మావాడు తేలిపోయాడు. వాడికి వేగం కావాలి, సగం నీళ్లు దారిలోనే పారబోసేవాడు. నేను మిరప నారు తొక్కకుండా మడిలో నడిచినట్టు దిగేవాణ్ణి. చుక్క ఒలికేది కాదు. అక్కడ నన్ను నిపుణుడన్నారు.

తర్వాత ఇద్దరం ఒకే సరిహద్దు పోస్టుకి వెళ్లాం. ఒక ఉదయం గస్తీలో వాడు అందరికంటే ముందు నడుస్తున్నాడు. కొండ అంచున గట్టిగా కనపడిన మంచు వాడి కింద విరిగింది. రాళ్ల మీద పడ్డాడు. మేం దిగి చూసేసరికి తెలివిగానే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, కాళ్లు మాత్రం కదలడం లేదు. వాడి కాళ్లు.

మబ్బు కమ్మేసింది, హెలికాప్టరు రాదన్నారు. డాక్టరున్న చోటికి స్లెడ్జి మీద దించాలి. ముందు మనిషి ఎవరని ఎవరూ అడగలేదు, నేనే పిడులు పట్టుకున్నాను. నడుము విరిగినవాణ్ణి కుదపకూడదు, కుదిపితే కాళ్లు ఇక రావని మాకు నేర్పారు. కడుపు బిగుసుకుంటుంటే లోపల రక్తం పోతున్నట్టు, అప్పుడు తొందర పడాలని కూడా నేర్పారు. వాడి కడుపు బిగుసుకుంటోంది. రెండూ కలిసొస్తే ఏం చేయాలో నేర్పలేదు. నిదానమే ప్రధానం అంటాం, ఆలస్యం అమృతం విషం అంటాం. ఈ సామెతలు చెప్పినవాళ్లెవరూ ఆ పిడులు పట్టుకోలేదు.

నేను నిదానంగా దించాను.

"ఎద్దుబండి అనుకున్నావేందిరా? తోలరా" అన్నాడు వెనక నుంచి.

"కదలకురా. కదిలితే నీ కాళ్లు రావు."

"పోతే పోయినయ్‌లే కాళ్లు. నువ్వు తోలు."

నాకు తోలడం రాక కాదు. వచ్చు, వాడే నేర్పాడు. కానీ కాళ్లు లేకుండా వాణ్ణి ఊహించుకోలేకపోయాను. నాగలి పట్టి, ప్రతి గతుకూ చూసుకుని, చుక్క తొణక్కుండా దించాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ దిగలేదు. మధ్యలో వాడు మాట్లాడటం మానేశాడు, నిద్రపోయాడనుకున్నాను. డాక్టరు చూసి, నడుముకి ఒక్క కుదుపు కూడా తగల్లేదు, సరిగ్గా తెచ్చావు అని నా భుజం తట్టాడు. అప్పటికే వాడు లేడు. వేగంగా తెచ్చి ఉంటే బతికేవాడా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సెలవు దొరగ్గానే చీరాల వెళ్లాను. వాళ్ల నాన్న మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు, కాళ్లు చెక్కల మీద ఉన్నాయి గానీ తొక్కడం లేదు. వాళ్లమ్మ పక్కన చాప మీద కూర్చుని రాట్నం చేత్తో తిప్పుతూ కండెలకి నూలు చుడుతోంది. నాకు కాఫీ ఇచ్చి మళ్లీ రాట్నం దగ్గరకే వెళ్లింది.

"వాణ్ణి తెచ్చే దారిలో కుదుపులు ఎక్కువగా ఉన్నాయా నాయనా?" అని అడిగింది.

"ఒక్కటి కూడా లేదమ్మా." ఆ మాట మాత్రం తలెత్తి చెప్పగలిగాను.

"ఏమన్నా అన్నాడా?"

అబద్ధం చెప్పాలనుకునే బస్సెక్కాను. ఆమె మొహం చూశాక నోరు రాలేదు. "తోలరా అన్నాడమ్మా" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "చిన్నప్పుడు రిక్షా ఎక్కినా అదే గోల."

ఆయన గుంటలోంచి తలెత్తాడు. "మరి తోలావా బాబూ?"

"లేదండీ. కుదిపితే కాళ్లు పోతాయన్నారు. ఆ కాళ్లు పోతే వాడు..."

ఆయన భార్య చేతులవైపు చూశాడు. రాట్నం తిరుగుతూనే ఉంది. ఆ తర్వాత, నన్ను తప్పు పట్టకుండా, మామూలు గొంతుతోనే అన్నాడు.

"కండెలు చుట్టడానికి కాళ్లెందుకు బాబూ? అమ్మ పక్కన కూర్చుని చుట్టుకునేవాడు."