ముప్పై మాటలు, ఆరు కొసరు

ఇంగ్లీషును విడి సరుకులా అమ్మిన ఘనత కోరుట్లలో నాదే. తూకం లేని సరుకు మీద నాకు నమ్మకం లేదు, మా నాన్న కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినదాన్ని మరి. అందుకే కొట్టు అరుగు మీద చిన్నపిల్లలకు ట్యూషన్ మొదలుపెట్టినప్పుడు నెల ఫీజు పెట్టకుండా మాటకు ఇంత అని రేటు కట్టాను. పిల్ల మరిచిపోతే పైసలు వాపస్. ఇంత తెలివి ఇంకెవరికీ తట్టలేదని మురిసిపోయాను.

మొదటి బేరానికే నన్ను మించినామె దొరికింది. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగిపోవడంతో భర్తతో, ఏడేళ్ల కూతురితో పుట్టింటికి వచ్చి బీడీలు చుడుతోంది. భర్త ఇంకో నెలలో దుబాయికి కూలిపనికి పోతున్నాడు.

"ముప్పై మాటలు తీసుకుంట టీచరమ్మా. మరి కొసరో?"

"సదువుకు కొసరేందమ్మా?"

"మీ బాపు చింతపండుకే ఏస్తడు. మాటలకేమన్న మీరు పెట్టుబడి పెట్టిన్రా?"

లోపల నాన్న పకపకా నవ్వాడు. "ఓడిపోయినవ్ బిడ్డా, ఏసెయ్."

ఐదింటికి ఒకటి కొసరు. నేను చేతికందిన సరుకే అమ్మాను: రైస్, సోప్, ఆనియన్, గ్రేప్స్. పిల్ల ఒక్కో వస్తువు ముట్టుకుని పేరు చెప్పేది. కొసరు మాటలు మాత్రం తనే అడిగేది.

"నొప్పికి ఏమంటరు టీచర్?"

మర్నాడు దూపకు, అంటే దాహానికి. ఆ తర్వాత "జర ఆగు"కు.

"గివన్నీ నీకెందుకే? యాపిల్ అను."

"నాకు గాదు, మా బాపుకు. పిల్లల నడుమ కూసునుడు సిగ్గంట. నేనే ఇంటికి వోయి చెప్తున్న."

సరుకు ఎవరికో అడగకుండానే పొట్లం కట్టానన్నమాట! మిగిలిన మూడు కొసర్లు ఇద్దరం కూర్చుని ఏరాం: సిక్, స్లో, హోమ్. ఇంకో పది ఊరికే ఇస్తానన్నాను.

"వద్దు టీచర్. ఎక్కువైతే బాపు మరిచిపోతడు."

దుబాయి ప్రయాణానికి జగిత్యాల బస్సెక్కే ముందు పిల్ల తండ్రి కొట్టు దగ్గరికి వచ్చాడు. నడుము పట్టుకుని, సిగ్గుగా నవ్వుతూ, "పెయిన్" అన్నాడు.

"నవ్వకుంట చెప్పు బాపూ! నవ్వితే ఎవరు నమ్ముతరు?" అని కూతురు కసిరింది. నాలుగుసార్లు చెప్పించి గానీ బస్సెక్కనివ్వలేదు.

కొన్నాళ్లకు తల్లి ఉప్పు ప్యాకెట్ కోసం వచ్చి చెప్పింది. దుబాయిలో సిమెంటు బస్తా ఎత్తుతుంటే ఆయనకు నడుము పట్టేసిందట. "పెయిన్, వెయిట్" అన్నాడట. మేస్త్రీ కూర్చోబెట్టి డాక్టరు దగ్గరికి పంపాడట.

"నవ్విండా?" అన్నాను.

"నవ్వలేదంట. బిడ్డకు మొదలు గదే చెప్పుమన్నడు."

ఇక లెక్క. అమ్మినవి ముప్పై. ఆమె చెప్పినదాన్ని బట్టి, వాటిలో అక్కడ ఆయనకు పనికొచ్చినవి రెండే, రైస్, సోప్. కొసరు మాత్రం ఆరూ పనికొచ్చాయట. పిల్ల ఒక్కటీ మరిచిపోలేదు కాబట్టి వాపసు ఆమె అడగలేదు, నేను ఇవ్వలేదు. పైసలు తీసుకున్నది ముప్పైకి. నిజంగా ఇచ్చిన సరుకు ఎనిమిది, అందులో ఆరు ఊరికే.