మాత్రలు అందని ఇరవై రోజులు

ఆ రోజు కాటారం దగ్గర మా పొలంలో నాట్లు వేస్తున్నాను. కళ్లు తెరిచేసరికి గట్టు మీద ఉన్నాను. నోటి నిండా బురద. పక్కన మా తోటికోడలు రాజక్క ఏడుస్తోంది.

"మడిల బోర్లపడి కొట్టుకున్నవ్ చెల్లె. నేను సూడకుంటే పానం పోతుండె" అంది. నాకేమీ గుర్తు లేదు.

నెలలోపు మరో రెండుసార్లు అలాగే పడిపోయాను. వరంగల్‌లో సీటీ స్కాన్, ఈఈజీ తీసి ఎపిలెప్సీ, అంటే మూర్ఛ జబ్బు అన్నారు. మాత్రలు రోజూ వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానకూడదు.

అప్పుడే భూపాలపల్లి దవాఖానలో ఒక స్టడీ మొదలైంది. అక్కడి డాక్టర్ సారు ఓపికగా చెప్పారు.

"కొత్త మందు గాదమ్మా, అందరికీ గవే మాత్రలు. సగం మంది నెలనెలా ఈడికొచ్చి తీస్కపోతరు. సగం మందికి ఆశా వర్కర్ ఇంటికి తెచ్చిస్తది. ఎట్ల ఇస్తే ఆపకుండ ఏసుకుంటరో సూస్తున్నం. ఇష్టం లేకుంటే వద్దని చెప్పు, వైద్యం ఆగది."

ఎవరు ఏ గుంపో కంప్యూటర్ తేలుస్తుందట. సంతకం పెట్టాను. దవాఖానకు వచ్చే గుంపు పడింది.

మూడు నెలలు ఫిట్స్ రాలేదు. తర్వాత తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. మా ఆయన రోజూ ధర్నాలో కూర్చునేవాడు. నేను తప్పుపట్టలేదు, తెలంగాణ నాకూ కావాలి. మిగిలిన మాత్రలు సగానికి విరిచి వేసుకున్నాను. అవీ అయిపోయాయి. అలా ఇరవై రోజులు గడిచాక, గంజి వారుస్తూ పడిపోయాను. ఎడమ చెయ్యి కాలింది.

రాజక్క నన్ను ట్రాక్టర్ మీద దవాఖానకు తీసుకెళ్లింది.

"మాత్రలు తప్పినయా?" డాక్టర్ సారు అడిగారు.

స్టడీ నుంచి తీసేస్తారని భయపడ్డాను. "లేదు సార్, రోజూ ఏసుకున్న."

ఆయన డోస్ పెంచి రాయబోయారు. రాజక్క ఊరుకోలేదు.

"అబద్దం సార్. బస్సుల్లేక ఇరవై దినాలు సరిగ ఏసుకోలే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన మాత్రం కోప్పడలేదు.

"గిది చెప్పకుంటే మందు పనిచేస్తలేదని రాసేటోన్ని. డోస్ పెంచితే నీకే పరేషాన్ అయితుండె. బస్సులు బందయితే మాత్రలు అందలే. మాకు తెల్వాల్సిన ముచ్చట గదే గదమ్మా."

అప్పటినుంచి ఆశా వర్కరే మాత్రలు తెచ్చింది. కాగితాల్లో మాత్రం నన్ను దవాఖానకు వచ్చే గుంపులోనే ఉంచారు. మొదట పడిన గుంపు మార్చకూడదట, మధ్యలో జరిగింది మాత్రం జరిగినట్టే రాయాలట. స్టడీ ముగిశాక, బస్సులు ఆగినా మాత్రలు తప్పకుండా, మా దవాఖానలో అందరికీ రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఫిట్స్ రాక ఏళ్లయింది. పొలం పనులన్నీ చేసుకుంటున్నాను. మాత్రలు ఇంకా వేసుకుంటూనే ఉన్నాను.

మాత్ర తప్పితే తప్పిందని డాక్టరుకు చెప్పండి. చెప్పడానికి మీకు నోరు రాకపోతే, చెప్పే మనిషిని వెంట తీసుకెళ్లండి.