వెనక నుంచి పిలుపు

కళింగపట్నం జట్టు ఆట మొదటిసారి చూసినప్పుడు నాకు నచ్చనిది ఒక్కటే, వాళ్ల నిశ్శబ్దం. కుర్రాళ్లు ప్రాణం పెట్టి పరిగెడుతున్నారు గానీ నోళ్లు మాత్రం ఎవరో కుట్టేసినట్టున్నాయి. ఫుట్‌బాల్ అరుచుకుంటూ ఆడే ఆట. బంతి ఉన్నవాడి మీదికి వెనక నుంచి ఎవడైనా వస్తుంటే, ‘వెనకాల’ అని తోటివాడు కేకెయ్యాలి. ఆ ఒక్క మాట అందకే నా మోకాలు పోయింది.

మాది కోటబొమ్మాళి పక్క, వరి పండించుకునే ఇల్లు. ఆట పిచ్చితో విశాఖపట్నంలో, తర్వాత కలకత్తాలో కింది డివిజన్లలో ఆడాను. టీవీలో వచ్చే ఆట కాదది. మోకాళ్ల దాకా బురద, చూసేవాళ్ల మొహాలకంటే గొడుగులే ఎక్కువ. ఒకరోజు వెనక నుంచి వచ్చినవాడి బూటు తగిలి మోకాలి లోపల ఏదో టప్పుమంది. ఇంటికొచ్చేసి మా అన్న పొలం గట్టు మీద కూర్చుని, ఎవరు పలకరించినా విసుక్కుంటూ బతికాను. అలాంటి రోజుల్లో కళింగపట్నం వాళ్లు మేనేజర్‌గా రమ్మన్నారు. మేనేజరంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. జెర్సీలు ఉతికించడం, ఆటో మాట్లాడడం, రిఫరీని బతిమాలడం, వీలైతే ఆట నేర్పడం.

ఆ జట్టు సెంటర్ ఫార్వర్డ్‌కి ఇరవై దాటాయి. తండ్రి లేడు. తల్లి చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. వాడు పొద్దున్న పడవ మీద, సాయంత్రం ఇసకలో బంతితో. ఊగే పడవలో నిలబడి వల లాగిన కాళ్లు, ఎవడు తోసినా కదిలేవి కావు. వాటిని చూస్తే నాకు అసూయ కలిగేది, భయమూ వేసేది. గోలు వైపు తిరిగాడంటే వాడు వెనక్కి చూసేవాడు కాదు. వాడి మోకాలికి నా మోకాలి గతి పట్టకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

పక్కన వింగ్‌లో ఆడేవాడు వాడి మేనమామ కొడుకు. వాణ్ణి పట్టుకుని నిలదీశాను.

“మనిషి మీదికొస్తుంటే కనబడదా? అరవ్వేంరా?”

“ముందుకెల్తన్నోడిని ఎనక నుంచి ఎలాగ పిలుస్తాం సార్?” అన్నాడు తల దించుకుని.

నాకు నవ్వొచ్చింది. చేపల వేటకి వెళ్లేవాణ్ణి వెనక నుంచి పిలవరని తెలుసు. మా ఇళ్లలోనూ ప్రయాణమయ్యేవాణ్ణి పిలిస్తే పెద్దవాళ్లు తిడతారు. బంతితో పోయేవాడికి కూడా ఆ పట్టింపేమిటి? “ఇది ఆటరా, వేట కాదు” అని కేకలేశాను. అరవనివాడి చేత మైదానం చుట్టూ పరుగులు పెట్టించాను.

సంగతి ఫార్వర్డ్ తల్లి చెవిన పడింది. ఒక సాయంత్రం తట్ట దించుకుని నా ముందు నిలబడింది. ఆవిడ మొహంలో కోపం లేదు. అందుకే నాకు ఇబ్బందిగా అనిపించింది.

“బాబూ, ఆటేదో నీ ఇట్టం. ఆడిని ఎనక నుంచి మాత్రం పిలిపించకు. నాకు బయ్యం వేస్తంది.”

“పిలవకపోతేనే కాలు పోతుందమ్మా” అన్నాను.

ఆవిడ తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

మెల్లగా గొంతులు లేచాయి. ప్రాక్టీసులో ఆ కేక విన్నప్పుడు ఫార్వర్డ్ అడుగు కొంచెం తడబడేది. కొత్త కదా, అలవాటైపోతుందిలే అని సరిపెట్టుకున్నాను. తోటి కుర్రాళ్లు మాత్రం అరిచాక ఒకరి మొహాలొకరు చూసుకునేవారు.

శ్రీకాకుళంలో మ్యాచ్. మబ్బు కమ్మి గాలి కదలడం లేదు. మా వాడు ఇద్దర్ని తప్పించుకుని గోలు ముందుకి వచ్చేశాడు. భారీ మనిషొకడు వెనక నుంచి దూసుకొస్తున్నాడు. వింగర్ గొంతు చించుకుని అరిచాడు.

“బావా, ఎనకాల!”

నేర్చుకున్నార్రా అని సంబరంగా లేచాను. మా ఫార్వర్డ్ ఆగిపోయాడు. బంతి వదల్లేదు, పక్కకి తప్పుకోలేదు. ఉన్నచోట అలాగే నిలబడ్డాడు. వాళ్లింట్లో వెనక నుంచి పిలుపు వినబడితే ఆగాలి. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, అప్పుడు మళ్లీ బయల్దేరాలి. నడక వచ్చినప్పట్నుంచి వాడు చేస్తున్నది అదే. వెనక వచ్చినవాడు మాత్రం ఆగలేకపోయాడు.

ఆ టప్పుమన్న చప్పుడు నాకు తెలుసు. కుంటుకుంటూనే మైదానంలోకి పరిగెత్తాను.

నడవగలడు గానీ ఊగే పడవలో నిలబడే పని ఇక కుదరదన్నాడు డాక్టరు. వింగర్ గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు. తల్లి నన్ను కూర్చోమని స్టూలు జరిపింది. రెండు తిట్లు తిట్టి ఉంటే బాగుండును, ఆ స్టూలు మీద కూర్చోలేకపోయాను.

వాడు కట్టు కట్టిన కాలు చూసుకుని, నన్ను చూసి నవ్వబోయాడు.

“ఏట పోనాది, ఆటా పోనాది. ఇంక నానూ మేనేజర్నైపోతానా సార్?”

ధైర్యం చెప్పాలని, “అవుతావురా” అన్నాను. ఆ మాట విన్నాక వాడు ఏడ్చాడు.